యూకాన్‌లో మోటార్‌హోమ్ కాపురం: రెండు వేసవుల తరువాత

బెంగళూరు జయనగర్ నుంచి రెండు వేసవులు వెళ్లి, కెనడా వాయవ్య కొసన ఉన్న యూకాన్‌లో మొత్తం 47 రోజులు అద్దె మోటార్‌హోమ్‌లో, అంటే పడక, వంటిల్లు, మరుగుదొడ్డి అన్నీ లోపలే ఉండే బండిలో, గడిపిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను. రెండుసార్లూ మేము తీసుకున్నది 25 అడుగుల పొడవు గల, డ్రైవరు సీటు పైభాగంలో కూడా పరుపు ఉండే రకం. ఇంత పెద్ద బండిని నడపగలమా అన్నదే బయలుదేరే ముందు మా దంపతుల భయం. తీరా వెళ్లాక తెలిసిందేమిటంటే, నడపడం తేలికే, అందులో కాపురం చేయడమే నేర్చుకోవలసిన విద్య.

బెంగళూరు సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లో రోజూ ఈదిన వారికి అలాస్కా హైవే ఒక లెక్క కాదు. రోడ్డుకు కుడివైపున నడపడం రెండో రోజుకే అలవాటైంది. అయితే 1942లో అమెరికా సైన్యం యుద్ధ అవసరానికి దాదాపు ఎనిమిది నెలల్లో వేసిన ఆ దారి అన్నిచోట్లా ఒకే తీరుగా ఉండదు. డిస్ట్రక్షన్ బే దాటి బీవర్ క్రీక్ వైపు సాగే కొద్దీ, ఏడాది పొడవునా గడ్డకట్టి ఉండే నేల అడుగున కరిగి కుంగిన చోటల్లా రోడ్డు అలలు అలలుగా లేచి ఉంటుంది. నేను వేగం తగ్గించడంలో ఒక్క క్షణం ఆలస్యం చేశాను. వెనుక అలమర గడియ ఊడి, ఇంటి నుంచి మోసుకెళ్లిన కందిపొడి డబ్బా బోర్లాపడింది; బండి తిరిగి అప్పగించే రోజు వరకు తివాచీలో ఇంగువ వాసన పోలేదు. పెట్రోలు విషయానికి వస్తే, లీటరుకు నాలుగు కిలోమీటర్లకు మించి ఎన్నడూ ఆశించవద్దు.

నీళ్ల దగ్గర మాత్రం బెంగళూరు అనుభవం అక్కరకు వచ్చింది. 2024 వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూస్తూ బకెట్టు నీళ్లతో రోజు గడిపిన వాళ్లం కనుక, సుమారు 150 లీటర్ల ట్యాంకును ఐదు రోజులు సాగదీశాము. షవరు కట్టిపెట్టి చెంబుతో స్నానం చేస్తే సరిపోతుంది. అంతకంటే ముందు నిండేది మరుగుదొడ్డి ట్యాంకు. చేతులకు తొడుగులు వేసుకుని, లావుపాటి గొట్టం బిగించి, మరుగుదొడ్డి ట్యాంకును ముందుగా వదిలి, ఆ తరువాత స్నానపు నీళ్ల ట్యాంకు తెరిస్తే గొట్టం దానంతట అదే కడుక్కుపోతుంది. ఈ వరుస తప్పిన రోజు సంగతి ఇక్కడ రాయను.

వంటింటి పొయ్యి చక్కగా మండుతుంది కానీ, తాళింపులో ఎండుమిరపకాయ వేసిన ప్రతిసారీ పొగ అలారం కూస్తుంది. అలారం పీకేయడం ప్రమాదం కనుక, పై కిటికీ తెరిచి, ఫ్యాను తిప్పి, ఆ తరువాతే ఆవాలు వేసేవాళ్లం.

నా అసలు ఫిర్యాదు బ్యాటరీ గురించి. రాత్రిపూట వెచ్చదనం ఇచ్చే హీటరు ప్రొపేన్ గ్యాసుతోనే మండినా, దాని ఫ్యాను తిరగడానికి బ్యాటరీ కావాలి. రెండో ప్రయాణంలో, ఆగస్టు చివరి వారం, క్లువానీ సరస్సు ఒడ్డున ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరపడిన రాత్రి రెండు గంటలకు ఆ ఫ్యాను ఆగిపోయింది. ఇంజిను అరగంట నడిపితే గాని మళ్లీ తిరగలేదు. పాతబడిన బ్యాటరీని అంటగట్టిన అద్దె సంస్థ, నాలుగు ఉత్తరాల తరువాత ఒక రోజు అద్దె తగ్గించింది. యూకాన్ ప్రభుత్వ క్యాంపులలో కట్టెలు ఉచితమే అయినా విద్యుత్తు ఉండదు. కాబట్టి బండి తీసుకునేటప్పుడే హీటరును గంటసేపు నడిపి చూడండి.

ఆ సరస్సు ఒడ్డునే మరో పాఠం దొరికింది. 2016లో కాస్కావుల్ష్ హిమానీనదం వెనక్కి తగ్గడంతో దాని కరుగునీరు వేరే నదిలోకి మళ్లింది, సరస్సుకు నీరు తెచ్చే స్లిమ్స్ నది చిక్కిపోయింది. ఆరిన ఆ నదీగర్భం నుంచి గాలికి లేచే పిండిలాంటి ధూళి, తెరిచి ఉన్న కిటికీ గుండా దుప్పట్లలోకి కూడా చేరింది. అయినా మేము అక్కడే ఆరు రాత్రులు ఉండిపోయాము. ఎలుగుబంట్లు కాయల కోసం దిగివచ్చే ఆ ప్రాంతంలో, గుడారం కంటే గట్టి గోడల బండి ఎంత నయమో అక్కడే తెలిసింది.

మళ్లీ వెళితే 22 అడుగుల బండి తీసుకుంటాను. ఇద్దరికి అంతకు మించి అనవసరం. రోజుకు 150 కిలోమీటర్లు దాటను. మా ఒప్పందం డెంప్‌స్టర్ కంకర దారిని నిషేధించింది కనుక, ఆర్కిటిక్ వృత్తం దాటాలనుకునేవారు సంతకానికి ముందే ఆ షరతు చదువుకోవాలి.