ఫాంట్ పేరు అడగని ఎంబ్రాయిడరీ షాపు, చిక్‌పేట

బెంగళూరులో లిఫ్టుల సర్వీసింగ్ కంపెనీలో అడ్మిన్ పని నాది. మా టెక్నీషియన్లు 86 మంది, మనిషికి రెండేసి కాలర్ టీషర్టులు. అపార్ట్‌మెంటు గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు ముందు చూసేది ఐడీ కార్డు కాదు, ఛాతీ మీద లోగో. అది తేడాగా కనిపిస్తే మా కుర్రాళ్లను గేటు దగ్గరే ఆపేస్తారు, లోపల లిఫ్టులో ఎవరో ఇరుక్కుని ఉన్నా సరే. అందుకే ఈ యూనిఫాం సంగతి నేనెప్పుడూ తేలిగ్గా తీసుకోను.

పోయిన ఏడాది వేరే చోట కుట్టించాం. వచ్చిన 172 టీషర్టులు చూసి అందరూ బాగున్నాయన్నారు, నాకు మాత్రం ఏదో తేడా కొట్టింది. ఒకటి తీసుకెళ్లి ఆఫీసు బోర్డు కింద పట్టుకుని అక్షరం అక్షరం పోల్చాను. బోర్డు మీద పెద్ద ‘ఆర్’ కాలు దాదాపు నిటారుగా కిందికి దిగుతుంది, టీషర్టు మీద ఏటవాలుగా బయటికి పోయింది. చిన్న ‘టీ’ తల బోర్డు మీద అడ్డంగా కోసినట్టుంటుంది, టీషర్టు మీద వాలుగా ఉంది. మా లోగోలో అక్షరాల ఫాంట్ హెల్వెటికా. వాళ్లు కుట్టి ఇచ్చింది ఏరియల్.

మేం పంపిన కోరెల్ (డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్) ఫైల్లో కంపెనీ పేరు టైపు చేసిన అక్షరాలుగానే ఉండిపోయింది. అక్కడి కంప్యూటర్లో హెల్వెటికా లేదు, దాని చోట్లోకి ఏరియల్ వచ్చి కూర్చుంది. హెల్వెటికా 1957లో స్విట్జర్లాండ్‌లో పుట్టిన ఫాంట్. ఏరియల్‌ని మోనోటైప్ వాళ్లు 1982లో తయారుచేశారు, అక్షరాల వెడల్పులు హెల్వెటికా కొలతలకే సరిపోయేలా. కాబట్టి ఒకటి పోయి ఇంకోటి వచ్చినా పేరు పొడవు మారదు, ఎవరి కంటా పడదు. ఆ టీషర్టులతోనే ఏడాదంతా నెట్టుకొచ్చాం. చూసినప్పుడల్లా నాకు మనసొప్పేది కాదు.

ఈసారి ముందుగానే లోగో చేసిన డిజైనర్‌కి ఫోన్ చేసి ఫాంట్ ఫైలు పంపమన్నాను. పంపనంది. హెల్వెటికా డబ్బు పెట్టి కొనుక్కునే ఫాంట్, లైసెన్సు తనది, ఇంకొకరికి ఇవ్వడానికి లేదు. పైగా మా లోగోలో చిన్న ‘ఏ’ తోకను తను చేత్తో కొంచెం కత్తిరించిందట. అంటే ఫాంట్ సంపాదించి టైపు చేసినా వచ్చేది మా లోగో కాదు! అక్షరాలన్నీ కర్వ్స్‌లోకి మార్చిన పీడీఎఫ్ పంపింది. అలా మారిస్తే అక్షరాలు ఉత్త గీతలైపోతాయి, ఏ కంప్యూటర్లో తెరిచినా రూపం మారదు.

ఇప్పుడు షాపు సంగతి. చిక్‌పేట మెట్రోలో దిగి, బట్టల షాపుల సందుల్లో నడిచి, ఇరుకు మెట్లెక్కితే రెండో అంతస్తులో ఉంటుంది. ఒకేసారి పన్నెండు బట్టల మీద కుట్టే పన్నెండు తలల మిషన్ ఒకటి, శాంపిళ్లకు ఒంటి తలది ఇంకోటి. యజమానిది హిందూపురం. నేను ఫాంట్ పేరు చెప్పబోతుంటే ఆపేశాడు. “పేరెందుకక్కా, కర్వ్స్ ఫైలుందా? నేను కుట్టేది ఆకారం.” సగం నమ్మకం నాకు అక్కడే కుదిరింది.

ఫైలు తెరిచి లోగోని 80 మిల్లీమీటర్ల వెడల్పుకి తెచ్చాడు. పేరు కింద ఉన్న చిన్న ట్యాగ్‌లైన్ ఎత్తు మూడు మిల్లీమీటర్లయింది. స్కేలు పెట్టి చూపించి, “ఇది కుట్టేకి కాదు. ‘ఈ’, ‘ఏ’ కడుపులు పూడిపోతాయి. మామూలు దారంతో ఐదారు మిల్లీమీటర్లన్నా ఉండాల. తీసేయండి, లేదంటే వీపు మీద ప్రింటు వేయించుకోండి” అన్నాడు. పోయినసారి అదే ట్యాగ్‌లైన్ కుట్టించుకున్నాం. దగ్గర్నుంచి చూస్తే చీమల బారులా ఉండేది. కాదని మొహం మీద చెప్పే షాపు దొరకడమే నాకు సగం పని అయినట్టు. మా ఎండీని ఒప్పించడానికి రెండు రోజులు పట్టింది, అది వేరే కథ.

లోగోని కుట్టు ఫైలుగా మార్చే పనిని అక్కడ పంచింగ్ అంటారు. నన్ను పక్కన కుర్చీలో కూర్చోబెట్టుకుని చేశాడు. మా లోగో చివర గుండ్రటి చుక్క ఒకటుంది. తెరమీద దాన్ని అడ్డంగా సాగదీసి కోడిగుడ్డులా గీస్తుంటే, “అన్నా, అది గుండ్రంగా ఉండాలి” అన్నాను. “బట్ట మీద గుండ్రంగా వస్తాది, చూడండి” అన్నాడు. ముందు అసలు ఫైలులో ఉన్నట్టే ఒక చుక్క కుట్టించాడు. నిలువుగా సాగినట్టు వచ్చింది. కుట్లు అడ్డంగా పోతాయి కదా, ప్రతి కుట్టూ బట్టను ఆ వైపు నుంచి కొంచెం లోపలికి లాగుతుంది. తర్వాత తను గీసిన కోడిగుడ్డు కుట్టించాడు. గోళీలా గుండ్రంగా వచ్చింది! అక్షరాల గీతలకూ అంతే, 0.3 మిల్లీమీటర్లు లావు చేసి గీస్తే బట్ట మీదికొచ్చేసరికి బోర్డు మీద ఉన్న లావుకి దిగుతాయి. ఉన్నదున్నట్టు గీస్తే సన్నబడిపోతాయి.

శాంపిల్ కూడా వేరే గుడ్డ ముక్క మీద కాదు, మేం తెచ్చిన టీషర్టు మీదే వేశాడు. కింద మందపాటి బ్యాకింగ్ పేపర్, పైన నీళ్లలో కరిగిపోయే పల్చటి పొర. టీషర్టు గుడ్డకి సన్న గళ్లుంటాయి కదా, ఆ పొర లేకపోతే కుట్లు వాటిలోకి దిగబడి అంచులు రంపంలా కనిపిస్తాయి. భూతద్దంలో చూపించాడు. ‘ఆర్’ కాలు నిటారుగా ఉంది, ‘టీ’ తల అడ్డంగా ఉంది, ‘ఏ’ తోక డిజైనర్ కత్తిరించిన చోటే ఆగింది. ఫోటో తీసి ఆమెకి పంపితే “ఇది నా లోగోనే” అని జవాబొచ్చింది.

రంగు దగ్గర కూడా తొందరపడలేదు. దారాల షేడ్ కార్డు, మా లోగో రంగు నంబరున్న పాంటోన్ కార్డు రెండూ పట్టుకుని కిందికి, వీధి వెలుతురులోకి తీసుకెళ్లాడు. ట్యూబులైటు కింద ఒకటేలా కనిపించిన రెండు నీలాల్లో ఒకటి ఎండలో ఊదా కొట్టింది. దారం పాలియెస్టర్ తీసుకోమన్నాడు, గ్రీజు మరకలకి వాషింగ్ సోడా, బ్లీచింగ్ తగులుతుంటాయని.

చిక్కు వచ్చింది పేర్ల దగ్గర. ప్రతి టీషర్టు మీదా లోగో కింద మనిషి పేరు కావాలి. 86 పేర్లకి కర్వ్స్ గీయించడం కుదిరే పని కాదు. సాఫ్ట్‌వేర్‌లో కుట్టుకోసమే తయారైన అక్షరాలుంటాయి, వాటిలో హెల్వెటికాకి దగ్గరిది వెతికి, అన్నీ పెద్దక్షరాలే పెట్టి, ఆరు మిల్లీమీటర్ల ఎత్తులో కుట్టాడు. ‘జీ’ అక్షరం పూర్తిగా కలవలేదు. దగ్గర్నుంచి చూస్తే నాకు తెలుస్తోంది, దాచడం ఎందుకు. కానీ దూరం నుంచి రెండూ ఒకే ఇంటివిలా ఉన్నాయి.

లోపాలూ చెప్పాలి. సరుకు నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చింది. మధ్యాహ్నం పూట ఫోన్ ఎత్తడు, ప్రతిసారీ మెట్రో ఎక్కి వెళ్లాల్సిందే. 172లో ఐదింటికి లోపలి వైపు దారాలు సరిగ్గా కత్తిరించలేదు, తీసుకెళ్తే అప్పటికప్పుడు సరిచేశాడు. ఆలస్యానికి మాత్రం నాకు ఇప్పటికీ కోపమే, ఎందుకంటే కొత్తగా చేరిన పదకొండు మంది ఆ వారమంతా సొంత చొక్కాలతో సైట్లకి తిరిగారు.

పంచింగ్‌కి ఒక్కసారి 700 రూపాయలు, లోగోకి 38, పేరుకి 15. పోయినసారికంటే టీషర్టుకి తొమ్మిది రూపాయలు ఎక్కువైంది. ఇస్తాను, మళ్లీ అక్కడికే వెళ్తాను.

డబ్బు కట్టి లేస్తుంటే పెన్‌డ్రైవ్ అడిగి తీసుకుని, మిషన్‌కి ఎక్కించే డీఎస్‌టీ ఫైలుతో పాటు, మళ్లీ సైజు మార్చుకోగలిగే అసలు ఈఎంబీ ఫైలు కూడా వేసిచ్చాడు. నేను అడగలేదు. “మీ లోగో కదక్కా, మీ దగ్గరే ఉండాల” అన్నాడు. డిసెంబరులో జాకెట్లు కుట్టించాలి. ఈసారి పదిహేను రోజుల ముందే వెళ్తున్నాను.