నెల్లూరు కాలేజీ టోర్నీల లైవ్ యూనిట్లు: బొమ్మకు మంచి మార్కులు, జాగ్రత్తకు తక్కువ

ఇంటర్ కాలేజీ క్రికెట్ పెట్టే పీడీ సార్లు (ఆటలు నేర్పే మాస్టార్లు) ఇప్పుడు గ్రౌండు కంటే ముందు, మ్యాచ్‌ను యూట్యూబ్‌లో చూపించే లైవ్ యూనిట్‌నే బుక్ చేస్తున్నారు. నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు పెళ్ళి వీడియోలు తీసేవాళ్ళే ముహూర్తాలు లేని రోజుల్లో ఈ పనీ చేస్తున్నారు. రెండు కెమెరాలు, ఒక కెమెరా నుంచి ఇంకోదానికి మార్చే స్విచ్చర్, లైవ్ పంపే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్ ఉన్న ల్యాప్‌టాప్, ఫోన్లో స్కోరు కొట్టే కుర్రాడు. మామూలు ప్యాకేజీ ఇదే.

బొమ్మకు వంక పెట్టలేం. సైట్ స్క్రీన్ పైనుంచి తీసి 1080పీలో పంపితే బంతి చక్కగా కనబడుతుంది. అందుకు 6 ఎంబీపీఎస్ అప్‌లోడ్ నిలకడగా ఉండాలి. ఒక్క సిమ్‌తో వచ్చేవాళ్ళు మధ్యాహ్నానికి చేతులెత్తేస్తారు, మన ఎండకు హాట్‌స్పాట్ ఫోన్ వేడెక్కిపోయి ఆగిపోతుంది. షామియానా నీడ, వేరే కంపెనీ సిమ్ ఇంకోటి, ఇన్వర్టర్ లేని యూనిట్‌కి అడ్వాన్స్ ఇవ్వకండి.

అసలు తిరకాసు డిలేలో, అంటే బొమ్మను కావాలని ఆలస్యంగా పంపడంలో ఉంది. "30 సెకన్లు లేటుగా పంపుతాం సార్, బెట్టింగోళ్ళకి పనికిరాదు" అని చెప్పి అమ్ముతున్నారు. ఇది తలకిందుల లెక్క. యూట్యూబ్‌లో 30, 60 సెకన్ల డిలే పెట్టుకునే వీలున్న మాట నిజమే. కానీ బౌండరీ పక్కన ఫోన్ పట్టుకుని కూర్చున్నవాడికి బంతి ఏమైందో అప్పుడే తెలుసు. బొమ్మ చూసి పందెం కాసేవాడికి తెలిసేది అర నిమిషం తర్వాత. ఆ తేడాయే బౌండరీ పక్కనున్నవాడి పెట్టుబడి, డిలే పెంచితే అది ఇంకా పెరుగుతుంది. స్కోరర్ వల్ల కూడా ఇదే గొడవ: కార్డులో ఫోర్ పడిపోయి ఉంటుంది, తెర మీద బౌలర్ ఇంకా రనప్ మార్కు దగ్గర బంతి తుడుచుకుంటూ ఉంటాడు. కాబట్టి లేటెన్సీ (బొమ్మ చేరడానికి పట్టే ఆలస్యం) వీలైనంత తక్కువ పెట్టించి, బయటికి కనబడే స్కోరు ఓవరుకోసారి మారేలా చేయించండి. బంతి బంతికీ కాసే పందేలకు కాస్త అడ్డు పడుతుంది. కొన్ని ఓవర్లలో ఎన్ని పరుగులొస్తాయని కాసే సెషన్ పందేలు మాత్రం దీనితో ఆగవు.

కాలేజీ మ్యాచ్ మీద ఎవడు కాస్తాడులే అనుకోవద్దు. 2022లో గుజరాత్‌లోని మొలిపూర్‌లో పొలం కూలీలకు జెర్సీలు తొడిగి, అదే ఐపీఎల్ అని యూట్యూబ్‌లో చూపించి, రష్యా వాళ్ళ చేత డబ్బు పెట్టించారు. నిజం టీములు, నిజం పేర్లు ఉన్న టోర్నీ వాళ్ళకు అంతకన్నా అక్కరకొస్తుంది.

బెట్టింగ్‌కు చట్టం తలుపు తీస్తే కాలేజీ ఆట ఏమవుతుందో అమెరికాలో కనబడుతోంది. 2018లో అక్కడి సుప్రీంకోర్టు నిషేధ చట్టాన్ని కొట్టేశాక రాష్ట్రాలు వరసబెట్టి అనుమతిచ్చాయి. పెద్ద తలనొప్పి గెలుపోటముల మీద కాసే పందేలతో కాదు, ఒక్కో ఆటగాడి అంకెల మీద కాసేవాటితో వచ్చింది. ఫలానా కుర్రాడు ఇన్ని పాయింట్లు కొట్టడన్న పందెం గెలవాలంటే టీమంతా అమ్ముడుపోనక్కర్లేదు, వాడొక్కడు నొప్పంటూ బెంచీ మీద కూర్చుంటే చాలు. క్రికెట్‌లో అయితే ఒక్క నోబాల్. పైగా డబ్బు పోగొట్టుకున్నవాడు ఆ కుర్రాడికే బూతు మెసేజీలు పెడతాడు. అక్కడి కాలేజీ ఆటల సంస్థ ఎన్‌సీఏఏ ఈ రకం పందేలు ఆపమని రాష్ట్రాలను అడిగింది, ఒహాయో 2024లో ఆపేసింది.

మన యూనిట్లేమో బ్యాటర్ గ్రాఫిక్‌లో ఇన్‌స్టా ఐడీ కూడా వేస్తున్నాయి! తీయించండి. పేరు, జెర్సీ నంబరు చాలు. ఎవరికి గాయం, ఎవరు ఆడట్లేదన్న కబురు టాస్‌కు ముందు కామెంటేటర్ నోట రాకూడదు.

బ్యానర్లు ముందురోజే తెప్పించుకుని చూడండి. "న్యూస్", "స్పోర్ట్స్" అని తోక తగిలించుకుని బెట్టింగ్ సైట్లే స్పాన్సర్లుగా వస్తుంటాయి. సుప్రీంకోర్టు వేసిన లోధా కమిటీ 2016లో క్రికెట్ బెట్టింగ్‌ను చట్టబద్ధం చేయమన్నా, 2025 ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు ఆటలను నిషేధించింది. వాటికి ప్రకటన వేస్తే రెండేళ్ళ దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా. లైవ్ చాట్ కట్టేయడం మేలు. కుదరకపోతే లింకులను బ్లాక్ చేసి, ఒక మనిషిని దాని మీదే కూర్చోబెట్టాలి. బెట్టింగ్ టెలిగ్రామ్ గ్రూపుల ఎర అక్కడే పడుతుంది.

ఇంకొకటి, ఈ యూనిట్లు తర్వాతి పెళ్ళి కోసం మెమరీ కార్డులు వెంటనే ఖాళీ చేసేస్తాయి. ఏ ఓవరు మీదైనా ఫిర్యాదొస్తే చూపించడానికి ఏమీ మిగలదు. హార్డ్ డిస్క్ మీరే ఇచ్చి, రెండు కెమెరాల ఒరిజినల్ ఫైళ్ళూ అందులోకి ఎక్కాకే బాకీ కట్టండి.