సొంత లైసెన్సా, లైసెన్సున్నవాళ్ల నీడలోనా?

అమెరికాలో క్రిప్టో యాప్ పెట్టాలనుకునే మనవాళ్లు తిప్పి తిప్పి ఇదే అడుగుతున్నారు. ఇతరుల సొమ్ము చేరవేయడానికి రాష్ట్రాలిచ్చే లైసెన్సులు ఒక్కొక్కటే తెచ్చుకోవాలా, న్యూయార్క్ ట్రస్టు చార్టర్‌కి (ఖాతాదారుల ఆస్తులు దాచిపెట్టే ట్రస్టు కంపెనీగా నడిచే అనుమతికి) వెళ్లాలా, లైసెన్సున్న కంపెనీతో కలిసి నడపాలా అని.

ట్రస్టు చార్టర్ సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. 2015లో క్రిప్టో ఎక్స్ఛేంజీలు ఇట్‌బిట్, జెమిని ఆ దారినే వెళ్లాయి, విడిగా బిట్‌లైసెన్సు (క్రిప్టో వ్యాపారానికి న్యూయార్క్ ఇచ్చే లైసెన్సు) అక్కర్లేదు కూడా. కానీ పెద్ద పెట్టుబడి, పెద్ద ఖాతాదారుల ఆస్తులు దాచిపెట్టే పని ఉంటే తప్ప అటు చూడకండి.

నా లెక్కలో అసలు ప్రశ్న ఫీజు కాదు. కస్టమరు ఎక్కడున్నాడు, అతని సొమ్ము ఎవరి చేతిలో ఉంది? మీ కంపెనీ డెలావేర్‌లో ఉండొచ్చు, మీరు డాలస్‌లో కూర్చుని నడపొచ్చు. బ్రూక్లిన్‌లో ఉన్నవాడి క్రిప్టో మీ దగ్గర దాచుకున్నారా, న్యూయార్క్ నిబంధనలు మీకు చుట్టుకున్నట్టే. 2015లో ఆ బాదరబందీ వద్దనుకునే క్రాకెన్ అనే ఎక్స్ఛేంజీ అక్కణ్నుంచి తప్పుకుంది. మనీ లాండరింగ్ మీద కన్నేసే ఫెడరల్ సంస్థ ఫిన్‌సెన్‌లో నమోదయ్యాం కదా అంటారా? రాష్ట్ర లైసెన్సు కావలసిన చోట అది లేకుండా సొమ్ము చేతులు మారిస్తే ఫెడరల్ చట్టం కింద అయిదేళ్ల దాకా జైలు.

ఇలాంటి లైసెన్సు చట్టమే లేని మోంటానా రాష్ట్రంతో మొదలెడదామన్నాడు ఒక మిత్రుడు. ఉన్నదే సుమారు 11 లక్షల జనం, ఏం నడుపుతాడో మరి.

సొంత లైసెన్సుల దారి మునుపటికన్నా నయమే. రాష్ట్రాలన్నిట్లో ఈ లైసెన్సు నిబంధనలు ఒకేలా ఉండాలని రాసిన 2021 నమూనా చట్టాన్ని చాలా రాష్ట్రాలు తెచ్చుకున్నాయి. దాని ప్రకారం నికర విలువ కనీసం 1,00,000 డాలర్లు, ష్యూరిటీ బాండు (మనం మాట తప్పితే నష్టం కట్టే హామీ పత్రం) 1,00,000 నుంచి 5,00,000 డాలర్ల దాకా. బాండు మాత్రం రాష్ట్రానికొకటి! దరఖాస్తులన్నీ ఎన్‌ఎమ్‌ఎల్‌ఎస్ అనే ఒకే కిటికీలో వేస్తాం గానీ, లోపల కూర్చున్న రాష్ట్రాల అధికారులు ఎవరికి వాళ్లే. ఒకరికి చెప్పిన జవాబే ఇంకొకరికి మళ్లీ చెప్పాలి.

అందుకే కొత్తవాళ్లకి నా ఓటు మూడోదానికే, లైసెన్సున్న కంపెనీతో కలిసి నడపడానికే. పేపాల్ అంతటిది 2020లో న్యూయార్క్‌లో లైసెన్సున్న పాక్సోస్ కంపెనీని తోడు తీసుకుని షరతులతో కూడిన బిట్‌లైసెన్సుతోనే దిగింది, పూర్తిది 2022లో తెచ్చుకుంది. అయితే కస్టమరు సొమ్ము మీ ఖాతాలో ఒక్క పూట కూడా ఆగకూడదు, నేరుగా ఆ లైసెన్సున్న కంపెనీ ఖాతాకే వెళ్లాలి. అది ఆగితే ఈ నీడ మిమ్మల్ని కాయకపోవచ్చు.

భయమల్లా వాళ్లు కుళాయి కట్టేస్తే మన యాప్ ఆ రోజే ఎండిపోతుందని. ఎన్ని నెలల ముందు నోటీసివ్వాలో, కస్టమర్ల వివరాలు ఎవరివో ఒప్పందంలో రాయించుకున్నాకే సంతకం పెట్టండి. ఆ నెలల్లోనే నమూనా చట్టం ఉన్న నాలుగైదు రాష్ట్రాల్లో సొంత దరఖాస్తులు వేసెయ్యండి. న్యూయార్క్‌ని ఆఖరికి ఉంచుకోండి.