ఓయిస్టిన్స్: శుక్రవారం జాతర కన్నా మామూలు రోజు మధ్యాహ్నమే మేలు

బార్బడోస్ వెళ్లినవాళ్లకు దక్షిణ తీరంలోని జాలర్ల ఊరు ఓయిస్టిన్స్‌లో శుక్రవారం రాత్రి జరిగే చేపల విందుకు వ్యాను ప్యాకేజీ అంటగట్టేవాళ్లు చాలామంది. తీసుకోకండి. బ్రిడ్జ్‌టౌన్ నుంచి సర్కారు బస్సుకైనా, జెడ్‌ఆర్ అని పిలిచే, మెరూన్ చార ఉన్న తెల్ల ప్రైవేటు వ్యానుకైనా మూడున్నర బార్బడోస్ డాలర్లే, అంటే 1.75 అమెరికా డాలర్లు. సర్కారు బస్సులో చిల్లర ఇవ్వరు, సరిగ్గా పెట్టుకోండి. జెడ్‌ఆర్‌లో పాటల హోరు కుర్రాళ్లకు హుషారు, పెద్దవాళ్లకు తలనొప్పి.

శుక్రవారమే వెళ్లాలంటే ఆరు లోపు చేరండి. ఏడు దాటితే కూర్చోడానికి బల్ల దొరకదు, ఆకలితో పిల్లలు గొడవ మొదలెడతారు. ప్లేటు సుమారు 40 నుంచి 60 బార్బడోస్ డాలర్లు. రద్దీలో ముందే కాల్చి పక్కన పెట్టిన మార్లిన్ చేప పీచులా ఎండిపోతుంది, దానిలో కొవ్వు తక్కువ. మీ కళ్ల ముందు నిప్పు మీద వేసిన మాహీమాహీ అడగండి. బోర్డు మీద డాల్ఫిన్ అని రాసేది ఈ చేపనే.

అసలు ఊరు కనిపించేది మామూలు రోజు మధ్యాహ్నం, పడవలు తిరిగొచ్చే వేళ, చేపల బజారులో. డిసెంబరు నుంచి జూన్ దాకా ఎగిరే చేపల కాలం. చేపలు బాగుచేసే ఆడవాళ్ల చేతి నేర్పు చూసి తీరాలి: తల, రెక్కలు కోసి, పొట్ట చీల్చి, వెన్నుముల్లు లాగేస్తారు. పక్కల దాగిన సన్నముళ్లను కత్తిమొనతో తీసేసరికి చేప పుస్తకంలా తెరుచుకుంటుంది. అక్కడే కొని, నిమ్మరసం, ఉప్పుతో కడిగి, ఉల్లికాడలు, థైమ్, వెల్లుల్లి, స్కాచ్ బానెట్ మిరప నూరి పట్టించి వేయించుకోండి. అందుకే వంటగది ఉన్న చిన్న గెస్ట్‌హౌసే తీసుకోమంటాను. మిరప మాత్రం మన గుంటూరు ధైర్యంతో వేయొద్దు, సగం కాయ చాలు.

శాకాహారులకు కష్టమే. అన్నంలో గింజలు కలిపి వండే రైస్ అండ్ పీస్‌లో పడేవి తరచుగా మన కందులే అయినా, ఆ కుండలో ఉప్పు మాంసం వేసే అలవాటుంది, అడిగి తినండి. మాకరోనీ పై (చీజ్ వేసి ఓవెన్‌లో కాల్చే పాస్తా)లో గుడ్డు ఉందేమో కనుక్కోండి.

2024 జూన్ 29న మనవాళ్లు బ్రిడ్జ్‌టౌన్‌లో టీ20 కప్పు గెలిచిన రెండు రోజులకే బెరిల్ తుఫాను ఈ దీవి జాలర్ల పడవల్ని చితక్కొట్టింది. కాబట్టి బజారులో ఒకటి రెండు డాలర్ల దగ్గర బేరమాడకండి.

పెట్టె సర్దేటప్పుడు మిలిటరీ మచ్చల (కామోఫ్లాజ్) బట్టలు తీసేయండి. పిల్లలవైనా సరే, అక్కడ అవి వేసుకోవడం చట్టవిరుద్ధం.