గాట్‌మన్ కార్డ్ డెక్స్: దంపతుల మాటామంతీకి ఒక ఉచిత యాప్

పెళ్లయిన పదకొండేళ్లకు మా ఇంట్లో మాటలన్నీ కరెంటు బిల్లు, పిల్లల ఫీజు, రేపటి కూర దగ్గరే ఆగిపోతున్నాయని గమనించి, నేనూ మావారూ నాలుగు నెలలుగా గాట్‌మన్ కార్డ్ డెక్స్ యాప్ వాడుతున్నాము. దంపతుల సంభాషణలను దశాబ్దాలపాటు పరిశీలించిన జాన్ గాట్‌మన్, ఆయన భార్య జూలీ అమెరికాలోని సియాటిల్‌లో నెలకొల్పిన సంస్థ దీన్ని ఉచితంగా అందిస్తోంది. ఇందులో వెయ్యికి పైగా ప్రశ్నలు, సూచనలు అంశాలవారీగా కార్డుల రూపంలో ఉన్నాయి.

మాకు అన్నిటికంటే పనికొచ్చినవి లవ్ మ్యాప్స్ కార్డులు. ఆప్తమిత్రులు ఎవరు, ప్రస్తుతం మనసును నలిపేస్తున్న సంగతి ఏమిటి అంటూ, ఎదుటి మనిషిని మనం ఎంతవరకు ఎరుగుదుమో అవి పరీక్షిస్తాయి. రెండో ప్రశ్నకు నేను ధీమాగా "ఆఫీసులో ఆడిట్" అన్నాను. మావారు బత్తాయి వలుస్తూ తల అడ్డంగా ఊపి, అత్తయ్యగారి మోకాలి ఆపరేషన్ గురించిన దిగులుతో మూడు వారాలుగా నిద్ర పట్టడం లేదన్నారు. ఏ డాక్టరును కలవాలో, సెలవు ఎప్పుడు పెట్టాలో నేను గబగబా చెప్పడం మొదలుపెట్టేసరికి, ఆయన "సరేలే" అని తొక్కలు పళ్లెంలోకి ఎత్తి లేచిపోయారు. అడగని సలహా ఇవ్వకూడదని, ముందు అర్థం చేసుకోవాలని గాట్‌మన్ దంపతులు ఎందుకంత గట్టిగా చెబుతారో ఆ రాత్రి నాకు బోధపడింది. మర్నాడు వారి పద్ధతి ప్రకారమే పావుగంట ఆయన మాట్లాడితే నేను విన్నాను, తర్వాతి పావుగంట నాది. బయటి ఒత్తిళ్లు మాత్రమే ఇందులో మాట్లాడుకోవాలి. ఒకరి మీద ఒకరికున్న ఫిర్యాదులు తేకూడదు.

ప్రశంసలకు సంబంధించిన కార్డులు అంత సులువుగా నోటికి రాలేదు. మన ఇళ్లలో భార్యాభర్తలు థ్యాంక్స్ చెప్పుకుంటే పరాయితనం ధ్వనిస్తుంది. కార్డు మీది ఇంగ్లీషు వాక్యాన్ని పక్కనపెట్టి, "ఇవాళ బాబుకు లెక్కలు మీరు చెప్పబట్టి నేను కాసేపు నడుం వాల్చగలిగాను" అని జరిగిన పనిని జరిగినట్టు చెప్పినప్పుడే ఆ మాటకు ప్రాణం వచ్చింది.

దెబ్బలు, బెదిరింపులు ఉన్న ఇంటికి ఇది మందు కాదు. అక్కడ మనసు విప్పి మాట్లాడడమే ప్రమాదం కావచ్చు కనుక, ముందు 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయాలి.

వాడదలచినవారు టీవీ ఆపి, రోజుకు రెండు కార్డులతో సరిపెట్టుకోవాలని, ప్రశ్నను తెరమీద చూపించకుండా తమ ఇంటి మాటల్లోకి మార్చి అడగాలని నా సూచన.