గేబ్రియలా, కాలిన్సా: జెనెసిస్‌ని ఎవరి గొంతులో వినాలి?

ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ జెనెసిస్‌కి మొదట పీటర్ గేబ్రియల్, ఆయన వెళ్లాక ఫిల్ కాలిన్స్ ప్రధాన గాయకులు. గేబ్రియల్ పాడిన జెనెసిస్ మేలా, కాలిన్స్ పాడినదా? నన్నడిగితే గేబ్రియలే. కానీ కాలిన్స్ వచ్చి బ్యాండ్‌ని చెడగొట్టాడంటే మాత్రం ఒప్పుకోను.

గేబ్రియల్ పాటలో వేషం కడతాడు. 1972 నాటి 'ఫాక్స్‌ట్రాట్' ఆల్బమ్‌లో 'సప్పర్స్ రెడీ' దాదాపు 23 నిమిషాలు సాగుతుంది. అందులో ఆ ఒక్క గొంతే గుసగుసలాడుతుంది, వెక్కిరిస్తుంది, చివర్లో ప్రవక్తలా ఎలుగెత్తుతుంది. ఆ ఏడాదే డబ్లిన్‌లో భార్య ఎర్ర గౌను తొడుక్కుని, నక్క తల తగిలించుకుని స్టేజీ ఎక్కాడు. తోటివాళ్లకు ముందు మాటమాత్రం చెప్పలేదు! ఆయన గొంతు గరుకు. పై స్థాయిలో జీర పలుకుతుంది. నాకు ప్రాణం లేచొచ్చేది ఆ జీర దగ్గరే.

1975లో ఆయన తప్పుకున్నాడు. మొదటి బిడ్డకు పుట్టగానే ప్రాణం మీదకు రావడం, ఇంటికీ బ్యాండ్‌కీ మధ్య నలిగిపోవడం అందుకు కొంత కారణం. కొత్త గాయకుడి కోసం ఎంతోమందిని పాడించి చూశాక, చివరికి డ్రమ్స్ వాయించే కాలిన్సే మైకు అందుకున్నాడు. చిన్నప్పుడు లండన్ నాటకాల్లో పాడి నటించినవాడు, గేబ్రియల్ వెనుక ఏళ్లతరబడి గొంతు కలిపినవాడు. అందుకే 1976లో వచ్చిన 'ఎ ట్రిక్ ఆఫ్ ది టెయిల్' వింటే అతుకు కనపడదు. బ్రిటన్ చార్టుల్లో అది 3వ స్థానానికి చేరింది. గేబ్రియల్ కాలపు 'సెల్లింగ్ ఇంగ్లండ్ బై ది పౌండ్' అందుకున్నదీ అదే స్థానం. కాలిన్స్‌ది శ్రుతి తప్పని, సూటి గొంతు. దిగులు పాటల్లో గేబ్రియల్ కన్నా ఆయనే మనసుకు దగ్గరగా వస్తాడు. పాత్రలు మార్చాల్సిన చోట మాత్రం ఆ గొంతు మారదు. నా తూకం మొగ్గేది ఇక్కడే.

ఎనభైల్లో ఇద్దరూ పాప్ వైపు వెళ్లారు. 1986లో అమెరికా చార్టులో మొదటి స్థానంలో ఉన్న జెనెసిస్ పాటను దించింది గేబ్రియల్ 'స్లెడ్జ్‌హామర్'. నాకు మాత్రం బ్యాండ్ వదిలిన సంగతి మీదే ఆయన 1977లో పాడిన 'సోల్స్‌బరీ హిల్' ఎక్కువ ఇష్టం. అది చాలావరకు ఏడు మాత్రల నడక. కర్ణాటక సంగీతంలోని మిశ్రచాపు తాళం తెలిసినవాళ్లు చేత్తో తాళం వేస్తూ వినొచ్చు.

కొత్తగా వినేవాళ్లు 'ఎ ట్రిక్ ఆఫ్ ది టెయిల్'తో మొదలుపెట్టండి, చెవికి తొందరగా పడుతుంది. ఓ వారం తర్వాత రాత్రిపూట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని 'సప్పర్స్ రెడీ' మధ్యలో ఆపకుండా వినండి.