ఫ్లాస్కా, జాంగోనా?

పైథాన్ కాస్త పట్టుబడి, వెబ్ యాప్‌లు చేద్దామనుకునేవాళ్లకు ఈ సందేహం తప్పదు. రెండూ వెబ్ యాప్‌లు కట్టడానికి పైథాన్‌లో సిద్ధంగా దొరికే ఫ్రేమ్‌వర్కులు, అంటే కోడ్ చట్రాలు. జాంగో 2005లో బయటికొచ్చింది. పుట్టింది ఒక వార్తాపత్రిక ఆఫీసులో. అర్మిన్ రోనాకర్ చేసిన ఫ్లాస్క్ 2010 నాటిది. ఏప్రిల్ ఫూల్ సరదాగా మొదలైన ఆలోచన అది!

ఫ్లాస్క్‌లో ఒక్క ఫైలు చాలు. ఫంక్షన్ రాసి, దాని పైన రూట్ డెకరేటర్ (ఏ అడ్రస్‌కు ఆ ఫంక్షనో చెప్పే లైను) పెట్టి రన్ చేస్తే మన కంప్యూటర్‌లోనే 5000 పోర్టులో (బ్రౌజర్‌లో localhost:5000) పేజీ కనిపిస్తుంది. ఏ అడ్రస్ కొడితే ఏ ఫంక్షన్ నడుస్తుందో కళ్లముందే ఉంటుంది. జాంగోలో ప్రాజెక్ట్ మొదలెట్టగానే సెట్టింగ్స్, యూఆర్ఎల్స్ అంటూ ఫైళ్లు వచ్చిపడతాయి. ఏది ఎందుకో తెలియక కొత్తవాళ్లకు టెన్షన్.

లాగిన్ పెట్టాల్సి వచ్చేసరికి లెక్క మారుతుంది. జాంగోలో యూజర్లు, అడ్మిన్ పేజీ, మైగ్రేషన్లు (డేటాబేస్ పట్టికలను మార్చే ఏర్పాటు), సీఎస్ఆర్ఎఫ్ రక్షణ (వేరే సైటు మన యూజర్ పేరుతో దొంగ రిక్వెస్టులు పంపకుండా అడ్డు) ముందే ఉంటాయి. ఫ్లాస్క్‌లో వీటికి ఎక్స్‌టెన్షన్లు (అదనపు ప్యాకేజీలు) వెతికి మనమే తగిలించుకోవాలి. అన్నట్టు, ఫ్లాస్క్ మామూలుగా తన సెషన్‌ను (యూజర్ గురించి యాప్ గుర్తుంచుకునే సమాచారం) డిజిటల్ సంతకం చేసిన కుకీలో, అంటే యూజర్ బ్రౌజర్‌లోనే దాచే చిన్న డేటాలో ఉంచుతుంది. సంతకం ఉంది కాబట్టి యూజర్ దాన్ని మార్చలేడు గానీ చదవగలడు. రహస్యాలేవీ అందులో పెట్టకండి.

నేర్చుకోవడానికైతే నా ఓటు ఫ్లాస్క్‌కే. చిన్న యాప్ ఒకటి అందులో పూర్తిచేశాక జాంగో తెరిస్తే ఆ ఫైళ్లన్నీ ఎందుకున్నాయో ఇట్టే అర్థమవుతుంది. గడువు తరుముకొస్తూ, డేటా ఎంట్రీ ఎక్కువుండే యాప్ చేయాల్సి వస్తే మాత్రం నేరుగా జాంగోకే వెళ్లడం నయం.